చద్ది పెట్టని ఇళ్లు

రిటైరయిన వాళ్లను పిలిచి నాలుగు మంచి మాటలు చెప్పించుకోవడం ఒక మర్యాద. ఆ మర్యాద ప్రకారమే, ఆరోగ్యశాఖలో కొత్తగా చేరిన అమ్మాయిల శిక్షణకు ఈమధ్య నన్నూ పిలిచారు. శాలువా కప్పారు. నేను కూడా మంచి మాటలు చెబుదామనే వెళ్లాను. కానీ నాకంటే ముందు మాట్లాడిన పెద్దమనిషి, పల్లెల్లో టీకాలకు అసలు అడ్డంకి తల్లుల అజ్ఞానమేననీ, ముందు దాన్ని కొలవాలనీ, కొలిచాకే పని మొదలుపెట్టాలనీ చెప్పాడు. అమ్మాయిలంతా తలలు వంచుకుని రాసుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. నా వంతు వచ్చేసరికి ఆ కోపంలో ఏం మాట్లాడానో నాకే తెలియదు. అందుకని ఇప్పుడు ఇంట్లో కూర్చుని నిదానంగా రాస్తున్నాను. నిదానంగా అన్నానే గానీ కోపం మాత్రం తగ్గలేదు.

నా ఉద్యోగం హెల్త్ విజిటర్. పందొమ్మిది వందల యాభైలలో చేరాను. అనంతపురం జిల్లాలో, ముఖ్యంగా రాయదుర్గం వైపు పల్లెల్లో తిరిగాను. ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎవరు ఆపారు, ఏ ఊరికి బదిలీ చేశారు అన్న గోల మీకెందుకు? అవన్నీ అందరి సర్వీసులోనూ ఉంటాయి. మీకు చెప్పాల్సింది ఒక సర్వే సంగతి. తల్లిదండ్రులకు మశూచి గురించి ఏం తెలుసో కొలవమని మమ్మల్ని ఊళ్ల మీదికి పంపారు. ఆ కొలత ఒక పసిపిల్లను ఏం చేసిందో చెబుతాను. తర్వాత మీరు కూడా కొలుచుకోండి, మీ ఇష్టం.

పెద్ద డాక్టరు గారి ప్రశ్నలు

అరవైలు మొదలయ్యాక దేశం మొత్తం మీద మశూచిని లేకుండా చేయాలని పెద్ద పథకం పెట్టారు. ఆ రోజుల్లోనే మా జిల్లాకు ఒక పెద్ద డాక్టరు గారు వచ్చారు. కోస్తా మనిషి. మద్రాసులో బాగా చదువుకున్నాడు. లంచం ముట్టడు, జీపును సొంతానికి వాడడు, ఎండలో మాతో సమానంగా తిరుగుతాడు. ఆయన చెడ్డవాడైతే నాకు ఇంత కోపం ఉండేది కాదు. చెడ్డవాళ్లతో వేగడం ఈ ఉద్యోగంలో త్వరగానే అలవాటవుతుంది. మంచివాడై ఉండి, తన లెక్కల్ని తప్ప ఎదురుగా ఉన్న మనిషిని నమ్మనివాడితో వేగడం నాకు చివరిదాకా చేతకాలేదు.

ఆయన ఒక ప్రశ్నల కాగితం తయారుచేశాడు. మశూచి దేనివల్ల వస్తుంది? ఒకరి నుంచి ఒకరికి ఎలా సోకుతుంది? రాకుండా ఉండాలంటే ఏం చేయాలి? టీకా మీద మీ అభిప్రాయం ఏమిటి? మొదటి ప్రశ్నకు సరైన జవాబు "వైరస్ అనే సూక్ష్మక్రిమి". ఆ మాట అప్పట్లో మా స్టాఫులోనే సగం మందికి నోరు తిరగదు. "క్రిమి" అంటే చాలు మార్కు వేయండి అని దయ తలిచాడు.

ఆ కాగితాలు పంచిన మీటింగులో నేను లేచి నిలబడి చెప్పాను. "సార్, ఈ ప్రశ్నలకు మావైపు తల్లులు జవాబు చెప్పరు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఆ జబ్బు పేరు ఎత్తరు. ఎత్తితే అమ్మవారిని కేకేసి పిలిచినట్టని భయం. మా అమ్మ కూడా అంతే. నేను స్కూల్లో చదువుకుని వచ్చి ఇంట్లో ఆ మాట అంటే నోటి మీద కొట్టింది. తెలిసినా తెలియదనే అంటారు."

ఆయన నవ్వాడు. "తెలిస్తే చెబుతారు సరోజమ్మా. చెప్పలేదంటే తెలియనట్టే లెక్క. సర్వేకి మీ అమ్మగారి భయం పెట్టుకోలేం కదా."

అందరూ నవ్వారు. నేను కూర్చున్నాను.

వాడలో ఓబులమ్మ

ఊరి పేరు రాయను. రాయదుర్గం నుంచి కణేకల్లు పోయే దారిలో బస్సు దిగి, గుండ్రాళ్ల మధ్య నడిచి పోవాలి. పైన ఊరు, కింద వాడ. ఊళ్లో భూములున్న రైతులు. వాడలో కూలి చేసుకునే కుటుంబాలు. రెండు వానలు పడితే వేరుశనగ పంట, పడకపోతే పిల్లాజెల్లతో బళ్లారి వైపు పత్తి తీయడానికి వలస. వరుసగా కరువులు చూసిన ఊరది. బావిలో నీళ్లు అడుక్కి పోయి, ఆడవాళ్లు చెంబులతో తోడుకుంటుండగా నేను అడుగుపెట్టాను.

ముందు ఊళ్లో పెద్ద రైతు ఇంటికి తీసుకెళ్లారు. పెత్తనం అంతా ఆయనదే. చిన్న కొడుకు అనంతపురంలో కాలేజీ చదువుతున్నాడట. నేను ప్రశ్న పూర్తిచేయకముందే, "గాలిలో క్రిములుంటాయి గదమ్మా, వాటివల్ల. మా పిల్లోడు చెప్పినాడు. టీకా వేయించుకోవల్ల. ప్రభుత్వం ఇంత ఖర్చు పెడతాంటే వేయించుకోకపోతే ఎట్ల?" అని గడగడా అప్పజెప్పాడు. అన్ని మార్కులూ వేశాను. వేయక ఏం చేస్తాను? సరైన జవాబులే. లోపల ఉయ్యాల తొట్టెలో మనవడు ఉన్నాడు గదా, పేరెత్తడానికి భయం లేదా అని అడిగితే, "వానికి టీకా అయిపోయిందిలేమ్మా, బాగా పొక్కింది" అన్నాడు. భుజం చూపించాడు. చక్కని గుండ్రటి మచ్చ.

తర్వాత వాడకు వెళ్లాను. రాళ్లు పేర్చిన గోడలు, మీద బోదగడ్డి కప్పు. మొదటి ఇంటి అరుగు మీద ఓబులమ్మ విత్తనానికి వేరుశనగకాయలు ఒలుస్తూ కూర్చుంది. పెద్ద రైతు ఇంటి విత్తనాలే, కూలికి ఒలుస్తోంది. ఇరవై దాటి ఉంటాయేమో. ఒళ్లో కూతురు సుంకి, ఏడాది నిండిన పిల్ల, ఒలిచిన గింజల్ని గుప్పిట పట్టుకుని నోట్లో పెట్టుకోబోవడం, తల్లి లాగేసుకోవడం. ఒకే సంతానం. గడప లోపల అత్త.

నేను కాగితం తీసి చదివాను. "మశూచి దేనివల్ల వస్తుందమ్మా?"

ఓబులమ్మ చేతిలో కాయ వదిలేసి పిల్ల చెవులు రెండూ కొంగుతో మూసింది. "తెల్దు నర్సమ్మా."

"రాకుండా ఉండాలంటే ఏం చేయాలి?"

"తెల్దు."

లోపలి నుంచి అత్త అరిచింది. "పసిబిడ్డను ఒళ్లో పెట్టుకోనుంటే ఆ పేరు ఎత్తుతారా ఎవురన్నా? నీకు బిడ్డలు ల్యారా? ఇంగేదన్నా అడుగు, చెప్తాము!"

నాకు బిడ్డలున్నారు. నేను కూడా మా ఇంట్లో ఆ పేరు ఎత్తను. కానీ నా ముందున్న కాగితంలో వేరే ప్రశ్న లేదు. "తెలియదు" అని రాసుకున్నాను. అన్నిటికీ అదే. సున్నా.

నేను లేవబోతుంటే ఓబులమ్మ సుంకి చేయి పట్టుకుని నా ముందు చాపింది. "ఇది చూడు నర్సమ్మా. టీకాలాయన వచ్చి సూది తిప్పిపాయ. మేము వాకిట్లో ఏపాకు కట్టినాము. తిరగమోత మానేసినాము. దినాము ఎదురు చూస్తిమి. పొక్కు ల్యా, జరం ల్యా. బిడ్డ ఏడ్చిందే గానీ ఆయమ్మ రాలా. మేము సద్ది పెట్టల్యాదు. ఇంగోసారి వేయించు. నీకు పుణ్యముంటాది."

ఈ చద్ది సంగతి కాస్త చెప్పాలి. టీకా వేశాక చేయి పొక్కి, జ్వరం వస్తే, మావైపు తల్లులు దాన్ని అమ్మవారు చిన్నగా ఇంటికి వచ్చి పోవడంగా చూసేవాళ్లు. పెద్దగా వస్తే ఎన్ని నియమాలు పాటిస్తారో ఇక్కడా అవే. వేపాకు, తిరగమోత లేని వంట, తలకు నూనె పెట్టకపోవడం. పక్కు రాలిపోయాక బిడ్డకు వేపాకు నీళ్లు పోసి, పెరుగన్నంలో ఉల్లిపాయ వేసి చద్ది పెట్టి, ఆ చద్దిని చుట్టుపక్కల ఇళ్లకు పంచేవాళ్లు. ఇంటికి వచ్చిన అమ్మవారిని చల్లగా సాగనంపడం అన్నమాట. పొక్కు లేవకపోతే చద్ది లేదు. పిలవని చుట్టానికి సాగనంపు ఎందుకు?

దీన్ని మూఢనమ్మకం అంటారా, అనండి. నాకూ చాలా నమ్మకాల మీద కోపమే. పిల్లకు విరేచనాలైతే నీళ్లు మానిపించే తల్లులతో నేను గొంతు చించుకుని పోట్లాడాను. తల్లులందరూ తెలివైనవాళ్లని చెప్పడం నా ఉద్దేశం కాదు. కానీ ఇక్కడ ఓబులమ్మ చెబుతున్నది ఒకటే: మీరు వేసిన టీకా నా బిడ్డకు పట్టలేదు. అది నమ్మకం కాదు, నేను నా కళ్లతో చూశాను. సుంకి చేతి మీద సూది గీరి మానిన గుర్తు తప్ప మచ్చ లేదు.

వాడలో మిగతా ఇళ్లలోనూ "తెల్దు" అనే అన్నాక, అందరికీ సున్నాలు వేసి ప్రశ్నల కాగితం సంచీలో పెట్టేశాను. మళ్లీ ఇల్లిల్లూ తిరిగి ఒకటే అడిగాను. "టీకా వేశాక చద్ది పెట్టుకున్నారా?" ఈ ప్రశ్నకు ఎవరూ చెవులు మూసుకోలేదు. ఆడవాళ్లు పనులు మానేసి వచ్చి చెప్పారు. వాడలో చద్ది పెట్టిన ఇల్లు ఒక్కటి కూడా లేదు. ఊళ్లోకి మళ్లీ వెళ్లాను. పెద్ద రైతు ఇంట్లో, ఆ వీధిలో, పక్క వీధిలో సగం ఇళ్లలో పెట్టారు. "మా ఇంటి చద్ది నువ్వు తిన్లా?" అని ఒకరినొకరు గుర్తుచేసుకున్నారు. అక్కడ పిల్లల భుజాల మీద మచ్చలున్నాయి. ఊళ్లో పట్టిన మందు వాడలో ఎందుకు పట్టలేదు?

మౌలాలి చెప్పిన సంగతి

టీకాలు వేసే మౌలాలి సాబు రాయదుర్గంలో ఉండేవాడు. ముసలివాడు కాదు గానీ ఎండలో తిరిగి తిరిగి అట్లా అయిపోయాడు. అప్పటి మందు ద్రవం. రైల్లో వచ్చి, బస్సులో వచ్చి, చివరికి ఆయన సైకిలు మీద తడిగుడ్డ చుట్టిన డబ్బాలో ఊరు చేరేది. మంచుగడ్డ మావైపు పెద్ద హోటళ్లలోనే దొరకదు, పల్లె దారిలో ఎక్కడ దొరుకుతుంది? పళ్లున్న చిన్న బిళ్ల సూదిని మందు పెట్టిన చర్మం మీద ఒత్తి గిర్రున తిప్పేవారు. పిల్లలు గుక్కపట్టి ఏడ్చేవాళ్లు.

ఆయన ఇంటి ముందు నిలబడి అడిగాను. మొదట బుకాయించాడు. తర్వాత నులకమంచం వాల్చి కూర్చోమన్నాడు.

"అమ్మా, మీకు తెలియందేముంది? మందు నా చేతికి వచ్చేటప్పటికే సగం పోయింటాది. అయినా పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు వేస్తే కొన్ని పడతాయి. పొద్దెక్కినంక ఉత్త నీళ్లే."

"మరి వాడలో పొద్దున్నే వేయవచ్చు కదా?"

"ఎట్ల వేసేదమ్మా? పెద్దాయన వాకిట్లోనే నిలబడినాడు. 'ఏమప్పా మౌలాలీ, మొదట మా ఇంట్లో. ఆమీట మా వీధి. ఆమీట ఊరంతా. చివర్న వాడకు పో. వాడలో తిప్పిన సూది తిరుక్కోని ఊళ్లోకి రాకూడదు' అని హుకుం. కాదంటే నన్ను ఊళ్లోకే రానిస్తాడా? వాడకు పోయేటప్పటికి నడినెత్తిన ఎండ. డబ్బా పట్టుకుంటే చెయ్యి కాలతాండాది."

"పోయిన మందని తెలిసి కూడా ఆ పిల్లల చేతులు కోశారా?"

ఆయన మొహం తిప్పుకున్నాడు. "కొయ్యకుండా తిరిగొస్తే, వాడలో వాండ్లు ఒప్పుకోలేదని రాయమంటారు. అప్పుడు వాండ్లకే చెడ్డపేరు. కోసి వస్తే పూర్తి అని రాస్తారు. నేనేం చేయాలమ్మా, చెప్పండి."

ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి గట్టిగానే ప్రయత్నించాను గానీ అది ఎక్కువసేపు నిలవలేదు. క్రిముల గురించి అన్నీ తెలిసిన పెద్ద రైతు మీద మాత్రం ఈరోజుకీ నిలిచే ఉంది. క్రిములు సూది మీద ఒకరి నుంచి ఒకరికి వస్తాయని ఆయనకు బాగా తెలుసు. వాడ నుంచి ఊళ్లోకి మాత్రమే వస్తాయని ఆయనకు ఎవరు చెప్పారో!

జ్ఞానం ఉన్నచోట

ఇదంతా పట్టుకుని అనంతపురం వెళ్లాను. పెద్ద డాక్టరు గారు అప్పటికే మా అందరి కాగితాలూ లెక్కలు వేయించాడు. నేను ఊళ్లో మచ్చలున్నాయి, వాడలో లేవు అని చెప్పగానే ఆయన మొహం వెలిగిపోయింది. నాకు ఆశ పుట్టింది.

"చూశారా సరోజమ్మా! జ్ఞానం ఎక్కువ ఉన్నచోట టీకా ఫలించింది. తక్కువ ఉన్నచోట ఫలించలేదు. నేను అనుకున్నదే రుజువైంది. టీకా వేశాక చేతిని శుభ్రంగా ఉంచుకోవడం, గోకకుండా ఉండటం, ఇవన్నీ తెలియాలి కదా."

నేను గట్టిగానే అన్నాను. "సార్, మందు చచ్చిపోయింది. ఎండకు చచ్చిపోయింది. పొద్దున ఊళ్లో వేశారు, మధ్యాహ్నం వాడలో వేశారు. తేడా అంతే. తల్లికి ఏం తెలిస్తే మాత్రం చచ్చిన మందు బతుకుతుందా?"

"మందు చెడిందని ఎవరు చెప్పారు?"

మౌలాలి పేరు చెబితే ఆయన ఉద్యోగం పోతుంది. "తల్లులు చెప్పారు సార్. చద్ది పెట్టలేదని చెప్పారు."

ఆయన కళ్లజోడు తీసి నా వైపు జాలిగా చూశాడు. "చద్దితో వైద్యశాస్త్రం నడపమంటారా? మన మనుషులే ఇట్లా మాట్లాడితే ఇక జనానికి ఏం నేర్పుతాం?"

"నేర్పవద్దు సార్. ఒక్క డబ్బా మంచి మందు ఇవ్వండి. తెల్లవారుజామున వాడలోనే మొదలుపెట్టమని మౌలాలికి ఆర్డరివ్వండి. చాలు."

ఆయన ఇవ్వలేదు. వాడలో టీకాలు పూర్తయినట్టు రికార్డు ఉంది. ఉన్న కొంచెం మందు, జనం ఆదరించే ఊళ్లకు ముందు వెళ్లాలి. జ్ఞానం తక్కువ ఉన్న చోట్లకు ముందు ప్రచారం వెళ్లాలి, వైఖరి మారాక మళ్లీ టీకాలు. ఇదీ ఆయన నిర్ణయం. ఓబులమ్మ అడిగింది మందు. ఆమెకు మేం సినిమా బండి పంపించాం.

ఒక మాట ముందే చెప్పేస్తాను. అరవైలు ముగిసేలోపు ఎండబెట్టిన పొడి మందు వచ్చింది. అది ఎండకు అంత త్వరగా చెడదు. రెండు మొనల సూది వచ్చింది. ఆ మందు పట్టుకుని అవే పల్లెలకు, అవే వాడలకు వెళ్లాం. ప్రతి చేయీ పొక్కింది. ప్రతి ఇంట్లో చద్ది పెట్టారు, నేను తినలేక చచ్చాను. వద్దన్న తల్లులు ఒకరో ఇద్దరో. ఆ మధ్యకాలంలో తల్లులు మారిందేమీ లేదు, అప్పుడూ ఆ పేరు ఎత్తితే చెవులు మూసుకుంటూనే ఉన్నారు. మారింది మందు. ఈ సంగతి ఏ శిక్షణలోనూ చెప్పరు, చెబితే అంతకుముందు ఏళ్ల తరబడి ఎవరిని తిట్టామో తలుచుకుని సిగ్గుపడాల్సి వస్తుంది.

సినిమా బండి

బండి వెంట నన్నూ పంపారు. పెద్ద రైతు ఇంటి గోడకు తెర కట్టారు. జనరేటరు చప్పుడుకు చుట్టుపక్కల పల్లెల నుంచి కూడా జనం వచ్చారు. తెర మీద ఇస్త్రీ చీర కట్టుకున్న ఒక తల్లి మొదట టీకా వద్దంటుంది, తర్వాత బుద్ధి తెచ్చుకుని వేయించుకుంటుంది. వాడ వాళ్లు దూరంగా, తెరకు పక్కవాటుగా కూర్చున్నారు. సుంకి తెర మీద కదిలే బొమ్మల్ని చూసి చేతులు చరిచింది.

ఆట అయిపోయాక ఓబులమ్మ నా దగ్గరికి వచ్చింది. "బొమ్మలు బాగుండాయి నర్సమ్మా. మందు యాడ?"

"వస్తుందమ్మా. అడిగాను."

"ఎప్పుడొస్తాది? మేము కొత్త చెనిక్కాయ పనులు అయినంక బళ్లారికి పోతాము. ఆడ అమ్మ తిరుగుతాందని చెప్తాండారు. బిడ్డను ఎత్తుకోని పోవల్ల కదా."

ఇక్కడే ఉండిపొమ్మని చెప్పాలనిపించింది. ఉండి ఏం తింటారు? ఆ నోటితోనే "జాగ్రత్త" అన్నాను. జాగ్రత్త అన్న మాటను మించిన దండగమాట మన శాఖలో మరొకటి లేదు. వింటున్న మనిషి చేతుల్లో ఏమీ లేనప్పుడే ఆ మాట వాడతాం. మళ్లీ అనంతపురం వెళ్లి మళ్లీ అడిగాను. "ఆ ఊరి వంతు వచ్చినప్పుడు" అన్నారు.

పత్తి తీతకు వెళ్లినవాళ్లు తిరిగి వచ్చేటప్పుడు జబ్బు వాళ్లతోపాటు వచ్చింది. కబురు తెలిసి వెళ్లాను. వాడలో చాలా వాకిళ్లకు వేపమండలు. ఓబులమ్మ ఇంటికీ ఉన్నాయి. వీధి మొత్తం నిశ్శబ్దంగా ఉంది. రొట్టెలు తట్టే చప్పుడు కూడా లేదు. నేను గడప దగ్గరికి వెళ్లేసరికి ఓబులమ్మ లోపలి నుంచే చేయి అడ్డం పెట్టింది.

"లోపలికి రావద్దు నర్సమ్మా. నీ ఇంట్లో పిల్లోళ్లుండారు. ఆడనే నిలబడు. నా బట్టలు గూడ తాకొద్దు."

"సుంకి ఎట్లా ఉందమ్మా?"

"నీళ్లు మింగల్యాదు. కండ్లు తెరవల్యాదు." బిడ్డ వైపు చూసి అంది: "నేను అడగల్యా? సద్ది పెట్టల్యాదని చెప్పల్యా?"

చెప్పింది. ఆమె చెప్పింది, నేను విన్నాను, పైకి చేరవేశాను. అక్కడ ఆగిపోయింది. ఆ వీధిలో నిలబడి నేను పెద్దగా ఏడ్చాను. దూరంగా ఉన్న ఆడవాళ్లు ఎవరూ నన్ను ఓదార్చడానికి రాలేదు, రాకూడదని వాళ్లకు తెలుసు. జబ్బు ఎలా సోకుతుందన్న ప్రశ్నకు వాడ మొత్తానికి నేను సున్నా వేసి ఉన్నాను.

సుంకి పోయింది. వాడలో ఇంకొంతమంది పిల్లలు పోయారు. ఊళ్లో పెద్ద రైతు మనవడికి ఏమీ కాలేదు, కాకూడదు కూడా, ఆ పిల్లవాడు ఏం చేశాడు పాపం! పిల్లలు పోయాక జీపు వచ్చింది. పెట్టెలో మంచుగడ్డతో సహా మందు వచ్చింది. ఎక్కడి నుంచి తెచ్చారో, అంతకు ముందు ఎందుకు దొరకలేదో ఎవరూ చెప్పలేదు. తెల్లవారకముందే వాడలోనే మొదలుపెట్టారు. సూది వాడ నుంచి ఊళ్లోకి వెళ్లింది. పెద్ద రైతు నోరెత్తలేదు.

రెండో సర్వే

ఏడాది తిరిగాక, ప్రచారం వల్ల జ్ఞానం ఎంత పెరిగిందో చూడమని మళ్లీ అదే కాగితంతో పంపారు. నాకు ఆ ఊరు వద్దని అడిగాను. తెలిసిన మనిషివి, నువ్వే వెళ్లాలి అన్నారు.

ఓబులమ్మ అరుగు మీదే ఉంది. ఒళ్లో చేట ఉంది. నేను కాగితం తీయకుండా నీళ్లు అడిగాను, వానల గురించి మాట్లాడాను. ఆమెకు అర్థమైంది.

"అడుగు నర్సమ్మా. నీ ఉద్యోగం గదా."

అడిగాను. ఈసారి ఆమె దేన్నీ మూయలేదు. నా కళ్లలోకి చూసి చెప్పింది. "మశూచి. క్రిమి వల్ల వస్తాది. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాది. దగ్గరికి పోతే, గుడ్డలు తాకితే. టీకా వేస్తే రాదు. మంచి టీకా వేస్తే."

లోపల అత్త ఉందని నాకు తెలుసు. అరుస్తుందేమో అనుకున్నాను. ఆమె గడప మీదికి వచ్చి కూర్చుంది. "చెప్పనీ," అంది. "ఇంగ ఆ పేరు ఎత్తితే ఎవురికి? ఇంట్లో బిడ్డే ల్యాకపాయ."

వాడంతా తిరిగాను. చిన్నపిల్లలు మిగిలిన ఇళ్లలో తల్లులు ఎప్పటిలాగే చెవులు మూసి, తెల్దు అన్నారు. పిల్లలు పోయిన ఇళ్లలో తల్లులు ఒక్కొక్కరూ ఆ పేరు పెట్టి, వివరంగా జవాబు చెప్పారు.

పెద్ద డాక్టరు గారు లెక్కలు చూసి చాలా సంతోషించాడు. వాడలో జ్ఞానం బాగా పెరిగింది. సినిమా పనిచేసింది. ఆ ఊరిని ఆదర్శంగా చూపించి ఇంకో రెండు బండ్లు అడుగుదామన్నాడు. నేను ఆయన బల్ల మీద చేతులు ఆనించి నిలబడ్డాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, జవాబు చెప్పిన ఇళ్లన్నీ పిల్లలు పోయిన ఇళ్లు."

ఆయన కాగితాల మీద నుంచి తల ఎత్తాడు. నేను చెప్పింది ఆయనకు అర్థమైంది, మొహంలో కనబడింది. తర్వాత మెల్లగా, "ఆ ప్రశ్న మన ఫారంలో లేదు కదా సరోజమ్మా," అన్నాడు. రిపోర్టు అలాగే వెళ్లింది.

అమ్మాయిలూ, రేపు మీ చేతికీ ఇలాంటి ప్రశ్నల కాగితం వస్తుంది. తల్లులకు ఏం తెలుసు అని అడగమంటారు. అడగండి. కానీ అంతకుముందు మీరు తెచ్చిన మందు బతికి ఉందో లేదో, ఎవరి వాకిట్లో మొదలుపెట్టి ఎవరి వాకిట్లో ఆపారో మీ పైవాళ్లను అడగండి. గట్టిగా అడగండి, కోప్పడితే కోప్పడనివ్వండి. ఆ రెండో సర్వేలో మా జిల్లా మొత్తం మీద మంచి మార్కులు వచ్చిన తల్లుల్లో ఓబులమ్మ ఒకతె. ఏ ప్రశ్నకూ తడుముకోలేదు, ఏ ప్రశ్నకూ మార్కు పోలేదు. సుంకి బతికున్నప్పుడు ఒక్కటీ రాలేదు.